భాకరాపేట ఘాట్‌లో నిలిచిపోయే పికప్: రిపేరు డైరీ

ఏప్రిల్, ఒక ఆదివారం పొద్దున

బండి మా నాయనది. 2005 మోడల్ డీజిల్ పికప్. నంబరు ప్లేటు మీద ఇంకా చిత్తూరు జిల్లా పాత కోడ్ ఏపీ 03 ఉంది. నాలుగు సిలిండర్లు, డైరెక్ట్ ఇంజెక్షన్, టర్బో లేదు, సెన్సర్లు లేవు. ఇంజన్ పక్కన నాజిళ్ళకు ఒత్తిడితో డీజిల్ కొట్టే ఇన్‌లైన్ పంపు (మెయిన్ పంపు అంటే ఇదే), దాన్ని ఆనుకుని ట్యాంకు నుంచి డీజిల్ పీల్చే ఫీడ్ పంపు, ఫీడ్ పంపు మీద చేత్తో కొట్టి డీజిల్ ఎక్కించే ప్రైమర్. చంద్రగిరి నుంచి పీలేరు వైపు దాణా మూటలు వేసుకుపోతాడు, వచ్చేటప్పుడు టమోటా బాక్సులు తెస్తాడు. మామిడికాయ దిగడం మొదలైతే దామలచెరువు మండీకి బాడుగలు ఉంటాయి. ఆ సీజన్‌లోపు బండి నమ్మకంగా తిరగాలి.

నాయన మాటల్లో సమస్య ఇది: "కింద రోడ్డు మీద బాగానే పోతుంది పాపా. ఘాట్ ఎక్కేటప్పుడు దగ్గుతుంది, మిస్సింగ్ కొడుతుంది, యాక్సిలరేటర్ తొక్కినా ఎత్తుకోదు. కాసేపటికి నిలిచిపోతుంది. పక్కకు పెట్టి కూర్చుంటే మళ్ళా స్టార్ట్ అవుతుంది."

నిలిచిపోయే చోటు భాకరాపేట ఘాట్. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, చుట్టూ అడవి. 2022 మార్చిలో నిశ్చితార్థానికి వెళ్తున్న బస్సు లోయలో పడింది ఈ ఘాట్‌లోనే. అక్కడ లోడుతో ఇంజన్ ఆగితే ఆగేది ఇంజన్ ఒక్కటే కాదు. ఇలాంటి డీజిల్ బండికి బ్రేకు బూస్టర్‌కు (తొక్కిన బలాన్ని పెంచే భాగానికి) కావాల్సిన వాక్యూమ్ ఆల్టర్నేటర్ వెనక ఉన్న చిన్న పంపు నుంచి వస్తుంది. ఇంజన్ తిరిగితేనే ఆ పంపు తిరుగుతుంది. ఆగిపోయాక రెండు మూడు తొక్కుళ్ళకు సరిపడా వాక్యూమ్ మిగిలి ఉంటుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది. పవర్ స్టీరింగ్ ఉన్న బండైతే అదీ బిగుసుకుపోతుంది. అందుకే ఈ బండి అరవై ఏళ్ళ మనిషిని మలుపులో నిలబెడుతోందంటే నాకు నిద్ర పట్టడం లేదు.

ఇంతకుముందు చూపించిన షెడ్డులో డీజిల్ ఫిల్టర్లు రెండూ మార్చారు. తగ్గలేదు. తర్వాత ఫీడ్ పంపు మార్చారు. అయినా తగ్గలేదు. ఇప్పుడు మెయిన్ పంపు విప్పి కాలిబ్రేషన్‌కు, అంటే అది కొట్టే డీజిల్ కొలత సరిచేయడానికి, ఇవ్వాలంటున్నారు, దానితోపాటు సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాలుగు నాజిళ్ళూ మార్చాలట. అది పెద్ద ఖర్చు. పంపును అనుమానించే ముందు పంపు దాకా డీజిల్ గాలి లేకుండా, సరిపడా వస్తోందా లేదా తేల్చాలి. ఆ పని ఎవరూ చేయలేదు. పాతది తీసి కొత్తది వేసి చూడటం పరీక్ష కాదు. కొత్తది వేసినా సమస్య ఉంటే డబ్బు పోతుంది, జబ్బు ఎక్కడుందో మాత్రం తెలియదు.

బానెట్ ఎత్తకముందే నాయనను కూర్చోబెట్టి వివరాలు అడిగి రాసుకున్నాను. పొద్దున చల్లటి ఇంజన్ ఎలా స్టార్ట్ అవుతుంది? లోడు లేకపోతే ఇదే ఘాట్ ఎక్కుతుందా? ఆగే ముందు పొగ ఏ రంగు? ట్యాంకులో డీజిల్ ఎంత ఉన్నప్పుడు ఆగుతుంది? చివరి ప్రశ్నకు నాయన ఆలోచనలో పడ్డాడు. ఫుల్ ట్యాంకు కొట్టించిన రోజు ఎప్పుడూ ఆగలేదట. ముల్లు సగం కిందికి దిగితేనే ఈ గోల. ఇంకో మాట ఆయన మామూలుగా చెప్పేశాడు: డీజిల్ తక్కువగా ఉన్న పొద్దున పూట ప్రైమర్ పదిసార్లు కొట్టందే బండి అందుకోదట. "పాత బండి కదా" అన్నాడు. అది వయసు వల్ల వచ్చింది కాదు. రాత్రి నిలబెట్టిన బండిలో ఫీడ్ పంపు ముందున్న పైపులోని డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతోందంటే, ఎక్కడో గాలికి దారి ఉన్నట్టు. ప్రైమర్ కొట్టే అలవాటు ఆ సంగతిని ఇన్నాళ్ళూ కప్పిపెట్టింది.

అదే రోజు, ఏదీ విప్పకుండా చూసినవి

డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్గు లేదు, కాయిల్ లేదు. గాలిని బాగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ మండుతుంది. కాబట్టి చూడాల్సినవి మూడే: గాలి, కంప్రెషన్, డీజిల్.

ఎయిర్ ఫిల్టర్ తీసి ఎండకు పట్టి చూశాను, వెలుతురు బాగానే కనిపిస్తోంది. గాలి అందకపోతే నల్లపొగ రావాలి. నాయన చెప్పింది నల్లపొగ కాదు, మిస్సింగ్ కొట్టేటప్పుడు పొగ దాదాపు ఉండదు, మళ్ళీ అందుకునేటప్పుడు తెల్లగా ఒక్కసారి కక్కుతుంది. డీజిల్ తెగి తెగి వస్తున్న ఇంజన్ తీరు అది. తెగినప్పుడు మండడానికి ఏమీ లేదు, అందినప్పుడు చల్లబడిన సిలిండర్‌లో సగం మండిన డీజిల్ తెల్లపొగగా వస్తుంది.

కంప్రెషన్ గురించి పెద్దగా అనుమానం లేదు. ప్రైమర్ కొట్టి గాలి తీస్తే సగం సెల్ఫుకే పట్టుకుంటోంది. ఆయిల్ మూత తీసి చూస్తే కిందినుంచి ఆవిరి ఎగదన్నడం లేదు. రింగులు అరిగిన ఇంజన్ ఇలా ఉండదు.

ఇంజన్ ఆపడానికి లాగే కేబుల్ కూడా చూశాను. దీన్ని చాలామంది మర్చిపోతారు. ఆ కేబుల్ తుప్పు పట్టి పూర్తిగా వెనక్కి రాకపోతే పంపు మీది స్టాప్ లివర్ కొంచెం లాగినట్టే ఉండిపోతుంది, డీజిల్ తగ్గిపోతుంది. ఇక్కడ లివర్ చివరిదాకా తిరిగి వస్తోంది, స్ప్రింగు గట్టిగా ఉంది. యాక్సిలరేటర్ రాడ్డు కూడా పూర్తిగా తెరుస్తోంది.

మిగిలింది డీజిల్ దారి: ట్యాంకు, లోపలి పీల్చే ట్యూబు, ఛాసిస్ వెంట పైపు, ఫీడ్ పంపు, ఫిల్టర్లు, మెయిన్ పంపు, నాజిళ్ళు. ఈ దారిని మధ్యలో కోసి ఏ సగంలో తప్పుందో చూడటమే తర్వాతి పని.

తర్వాతి శనివారం: క్యాన్ పరీక్ష

ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఇదే. కొత్త భాగం ఒక్కటీ కొనకుండా సగం బండిని అనుమానం నుంచి తప్పించింది.

ఫీడ్ పంపుకు వచ్చే పైపు ఊడదీశాను. దాని బదులు కొత్త రబ్బరు పైపు క్లిప్పులతో బిగించి, రెండో కొస శుభ్రమైన డీజిల్ ఉన్న క్యాన్‌లో ముంచాను. రిటర్న్ పైపును కూడా క్యాన్‌లోకే తిప్పాను. ఇది తప్పనిసరి. ఫీడ్ పంపు ఇంజన్ తాగేదానికంటే ఎక్కువ డీజిల్ తోడుతుంది, మిగిలింది రిటర్న్‌లో వెనక్కి వెళ్తుంది. ఆ పైపును ట్యాంకులోనే వదిలేస్తే క్యాన్ చూస్తుండగానే ఖాళీ అవుతుంది, గాలి పీలుస్తుంది, పరీక్ష తలకిందులవుతుంది.

క్యాన్ ఎక్కడ పెట్టాలన్నది ఇంకా ముఖ్యం. చాలాచోట్ల బానెట్ దగ్గరో వెనక తొట్టిలోనో ఎత్తు మీద కడతారు. అప్పుడు డీజిల్ బరువుకే కిందికి జారి వస్తుంది, ఫీడ్ పంపు పీల్చాల్సిన పనే ఉండదు. ఫీడ్ పంపు పాడై ఉన్నా బండి చక్కగా నడుస్తుంది, మనం మోసపోతాం. అందుకే క్యాన్‌ను అసలు ట్యాంకు పక్కనే, అదే ఎత్తులో, సైలెన్సర్‌కు దూరంగా ఛాసిస్‌కు తాళ్ళతో గట్టిగా కట్టాం. నాయన కదిపి చూసి ఇంకో తాడు వేశాడు.

టన్నుకు దగ్గరగా దాణా మూటలు వేసుకుని రంగంపేట దాటి ఘాట్ ఎక్కాం. నాయన నడిపాడు. నేను పక్కన కూర్చుని చెవులు రిక్కించి విన్నాను. దగ్గు లేదు, జర్కు లేదు. మామూలుగా నిలిచిపోయే మలుపు దగ్గర నాయన ఒకసారి నా వైపు చూసి మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు. భాకరాపేట దాకా ఒక్క ఊపులో వెళ్ళి వచ్చాం.

అంటే ఫీడ్ పంపు పీలుస్తోంది. ఫిల్టర్లు దారి ఇస్తున్నాయి. మెయిన్ పంపు లోడులో డీజిల్ కొట్టగలుగుతోంది. ఘాట్‌లో నిలబెట్టేంత తప్పు నాజిళ్ళలో లేదు. కాలిబ్రేషన్‌కు పెట్టబోయిన డబ్బు జేబులోనే ఉంది. తప్పు ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్యలో ఉంది.

ఆదివారం: ట్యాంకు

ముందు మూత. ట్యాంకులోంచి డీజిల్ పోయేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. మూతలోని సన్నని రంధ్రం మట్టితో మూసుకుపోతే ట్యాంకులో వాక్యూమ్ ఏర్పడి డీజిల్ రాదు. అలాంటప్పుడు మూత తిప్పగానే "సుయ్" మని గాలి లోపలికి పోతుంది. మా బండిలో ఆ చప్పుడు లేదు. మూత వదులుగా పెట్టి నడిపినా తేడా లేదని నాయన ముందే చూశాడు. రంధ్రం సన్నతీగతో శుభ్రం చేసి పక్కన పెట్టాను. మూత కింద ఉండాల్సిన రబ్బరు వాషర్ మాత్రం సగం విరిగిపోయి ఉంది. బండి కడిగినప్పుడల్లా, వాన పడినప్పుడల్లా నీళ్ళు దిగడానికి అది చాలు.

తర్వాత ట్యాంకు దించాం. డ్రెయిన్ ప్లగ్గు తీసి మొదట వచ్చిన డీజిల్‌ను గాజు సీసాలో పట్టి గోడ మీద పెట్టాను. మిగిలినదంతా గుడ్డతో వడగట్టి క్యాన్లలోకి తీశాం. సాయంత్రానికి సీసాలో మూడు పొరలు తేరాయి. అడుగున నీళ్ళు. వాటి మీద నల్లటి జిగురు, తీగలు తీగలుగా. పైన డీజిల్. ఆ జిగురు ఉత్త మట్టి కాదు. నీళ్ళూ డీజిలూ కలిసే చోట బతికే సూక్ష్మజీవుల పెంపకం అది. నీళ్ళు లేకపోతే అవి పెరగవు. బాడుగలు లేని నెలల్లో సగం ఖాళీ ట్యాంకుతో బండి నిలబడి ఉంటుంది. పగలు వేడి, రాత్రి చల్లదనం, లోపలి గాలిలోని తేమ రేకుకు పట్టి కిందికి కారుతుంది. దానికి పైనుంచి మూతలోంచి దిగిన నీళ్ళు తోడు.

పైనున్న స్క్రూలు తీసి పీల్చే ట్యూబును బయటికి లాగాను. దాని కొసన ఉన్న జాలీ కనిపించడం లేదు, అంతా ఆ నల్ల జిగురే. కాసేపు కూర్చుంటే బండి మళ్ళీ ఎందుకు స్టార్ట్ అవుతోందో అప్పుడు తెలిసింది. ఎక్కుడులో ఇంజన్ ఎక్కువ తోడేకొద్దీ జిగురు జాలీకి గట్టిగా అంటుకుంటుంది, దారి మూసుకుంటుంది, ఇంజన్ ఆగుతుంది. ఆగగానే పీల్పు ఉండదు, జిగురు వదులై కిందికి రాలుతుంది. మళ్ళీ కొంతదూరం బండి నడుస్తుంది.

కడగడానికి మూరెడు ఇనుప గొలుసు, కొంచెం డీజిల్ ట్యాంకులో వేసి, నాయన ఒక పక్క నేను ఒక పక్క పట్టుకుని ఊపాం. తుప్పు పెచ్చులు, జిగురు వచ్చాయి. శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా అలాగే చేశాం. తర్వాత మూతి కిందికి పెట్టి ఎండలో ఉంచాం. లోపల చూడటానికి టార్చిలైటు తప్ప ఇంకేదీ వాడలేదు. డీజిల్ పెట్రోల్ కాదు కదా అని ఖాళీ ట్యాంకు దగ్గర వెల్డింగ్ పెట్టేవాళ్ళను చూశాను. ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం. లోపల ఉండేది ద్రవం కాదు, వేడి తగిలితే అంటుకునే ఆవిరి. ఎవరూ ఆ పని చేయొద్దు.

జాలీ కొత్తది, మూత వాషర్ కొత్తది. ఫిల్టర్లు మళ్ళీ మార్చాం, ఎందుకంటే పాత మురికి వాటి దాకా వెళ్ళి ఉంటుంది. ఫీడ్ పంపు ముందున్న చిన్న జాలీ కూడా కడిగాను.

వారం మధ్యలో నాయన ఫోన్

"బాగైంది పాపా, ఘాట్ ఎక్కింది" అన్నది మొదటి ఫోన్. రెండు రోజులకు రెండోది: "ముల్లు సగం దిగినాక మళ్ళా దగ్గుతోంది. నిలిచిపోలేదు కానీ పికప్ లేదు."

నాకు నిరుత్సాహం కలగలేదు. ఆగిపోవడం పోయింది, దగ్గు మిగిలింది. రెండు తప్పులు ఒకే లక్షణం వెనక దాక్కుని ఉన్నాయన్నమాట. సగం ట్యాంకు అన్న గుర్తుకు జిగురు పూర్తి జవాబు కాదని ముందే తెలుసు, జిగురు అడుగున ఉంటుంది కదా. ఇంకా గాలి ఎక్కడినుంచో వస్తోంది.

గంగమ్మ జాతర వారం: పారదర్శక పైపులో బుడగలు

తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర. ఊళ్ళో జనం, సగం దారులు మూసి ఉన్నాయి. నేను ఇంటికి వచ్చేశాను.

డీజిల్ కారుతుంటే నేల మీద చుక్కలు కనిపిస్తాయి, కానీ ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య అలా జరగదు. అక్కడ పైపులో ఉండేది పీల్పు. చిల్లు ఉంటే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. బయట అంతా పొడిగా, శుభ్రంగా కనిపిస్తుంది. అందుకే కంటితో వెతికి లాభం లేదు. ఫీడ్ పంపు ముందు ఒక జానెడు పారదర్శకమైన ప్లాస్టిక్ పైపు వేశాను. ఫిల్టర్ల తర్వాత, మెయిన్ పంపు ముందు ఇంకోటి.

బుడగకు ఇంత భయపడటం ఎందుకంటే, నాజిల్ తెరుచుకోవాలంటే లోపల రెండు వందల బార్ చుట్టుపక్కల ఒత్తిడి కావాలి. డీజిల్ దాదాపు నొక్కుకుపోదు, కాబట్టి పంపు ప్లంజర్ (లోపల డీజిల్‌ను తోసే కడ్డీ) తోసినంత ఒత్తిడి నాజిల్‌కు చేరుతుంది. గాలి నొక్కుకుపోతుంది. ప్లంజర్ తోసిన తోపంతా ఆ బుడగను కుదించడానికే సరిపోతుంది. నాజిల్ తెరుచుకోదు, ఆ సిలిండర్ ఆ తిప్పుకు పని చేయదు. మిస్సింగ్ అంటే అదే.

ట్యాంకులో సగం కంటే కొంచెం తక్కువ డీజిల్ పోశాం. స్లో లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా నడిపినప్పుడు, ఎప్పుడో ఒక చిన్న బుడగ. రేస్ చేయగానే వరసగా బుడగలు, ముత్యాల్లాంటివి కాదు, నురగలా. ఫీడ్ పంపు వేగం పెరిగేకొద్దీ పీల్పు పెరుగుతుంది, గాలి కూడా పెరుగుతుంది. తర్వాత క్యాన్‌తో ఇంకొంత డీజిల్ పోసి ముల్లును సగం దాటించాం. బుడగలు నిలిచిపోయాయి. మళ్ళీ కొంత తీశాం, మళ్ళీ వచ్చాయి. ఛాసిస్ పైపు, దాని జాయింట్లు డీజిల్ మట్టంతో మారవు. మట్టంతో మారేది ట్యాంకు లోపలున్న ట్యూబు ఒక్కటే.

దాన్ని తీసి, ఒక కొస రబ్బరు బిరడాతో మూసి, ఇంకో కొసకు సైకిల్ పంపు కలిపి నీళ్ళ బకెట్‌లో ముంచాను. నాయన పంపు కొట్టాడు. ట్యూబును పట్టుకునే క్లాంపు కిందినుంచి బుడగల వరస వచ్చింది. క్లాంపు జరిపి చూస్తే తుప్పు మచ్చ, దాని మధ్యలో సూదిమొనంత చిల్లు. సరిగ్గా ట్యాంకు నడుమ ఎత్తులో. కొబ్బరిబోండాంలో పెట్టిన స్ట్రాకు మధ్యలో చిల్లు పడితే నీళ్ళు ఆ చిల్లు కిందికి దిగగానే నోట్లోకి గాలే వస్తుంది చూడండి, అదే ఇక్కడ జరిగింది. క్లాంపుకూ ట్యూబుకూ మధ్య రబ్బరు పోయి, ఇనుము ఇనుముతో ఒరుసుకుని, ఆ సందులో నీళ్ళు నిలిచి తుప్పు తినేసింది. క్లాంపు దాన్ని కప్పేసి ఉండటం వల్ల ట్యాంకు కడిగిన రోజు ఎంత తుడిచినా కనిపించే వీలు లేదు.

జాలీ శుభ్రం చేశాక సగమే ఎందుకు తగ్గిందో కూడా ఇప్పుడు అర్థమవుతుంది. జాలీ మూసుకుపోయి ఉన్నప్పుడు పీల్పు ఎక్కువ, కింద దారి లేక చిల్లులోంచి గాలి ఎక్కువగా దూరేది. జాలీ తెరుచుకున్నాక పీల్పు తగ్గింది, గాలి తగ్గింది, ఇంజన్ ఆగకుండా దగ్గే దగ్గర నిలిచింది.

నాయన ఆ ట్యూబును చేతిలో తిప్పి తిప్పి చూశాడు. "ఇంత చిల్లుకా ఇన్ని రోజులు?" అన్నాడు. ఆయన ముఖంలో కోపం కంటే తేలిక ఎక్కువ కనిపించింది. నాకు ఆ మాట చాలు.

కొత్త ట్యూబు, గాలి తీయడం

చిల్లుకు ఎంసీల్ పూయమని ఒకరు, సోల్డర్ పెట్టమని ఇంకొకరు చెప్పారు. తుప్పు ఒక చోట తిన్న ట్యూబు ఇంకో చోట తినకుండా ఉండదు. గ్యాస్ వెల్డింగ్ షాపులో అదే లావు స్టీలు ట్యూబు తెచ్చి, పాత ప్లేటుకు ఇత్తడితో అతికించమన్నాం. ట్యాంకు ఇంటి దగ్గరే ఉంది, షాపుకు వెళ్ళింది ట్యూబు మాత్రమే. కింది కొస ట్యాంకు అడుగుకు రెండు సెంటీమీటర్లు పైన ఉండేలా కొలిచాం, మరీ తగిలితే మళ్ళీ మురికే పీలుస్తుంది. బిగించే ముందు కొత్తదాన్ని కూడా బకెట్‌లో ముంచి పరీక్షించాం. క్లాంపుకు కొత్త రబ్బరు.

ఛాసిస్ చివర ఉన్న రబ్బరు పైపులూ మార్చాను. వంచితే పగుళ్ళు కనిపిస్తున్నాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 కాలుష్య ప్రమాణాల డీజిలే, గంధకం కిలోకు 10 మిల్లీగ్రాములకు మించదు, అంతకుముందు బీఎస్-4లో 50 ఉండేది. కొత్త డీజిల్ వల్లే పాత పంపులు పోతున్నాయని షెడ్డుల్లో అందరూ అంటారు. నేను ఆ మాటను అంత తేలిగ్గా ఒప్పుకోను. గంధకం తీసేటప్పుడు పోయే జారుడు గుణాన్ని పూడ్చడానికి అందులో వేరే పదార్థం కలుపుతారు. కానీ ఏళ్ళ తరబడి పాత డీజిల్‌లో నానిన రబ్బరు కొత్త డీజిల్‌లో ముడుచుకునే వీలుంది, కాబట్టి పాత పైపులు, ఓ రింగులు మార్చుకోవడం మంచిదే. పంపుకు నింద వేసే ముందు రబ్బరు చూడాలి.

డీజిల్ పైపు కొసలను బిగించే బాంజో బోల్టుల కింది రాగి వాషర్లన్నీ కొత్తవి వేశాను. ఒకసారి నలిగిన వాషర్ రెండోసారి సరిగ్గా కూర్చోదు, అక్కడా గాలి దూరుతుంది.

గాలి తీసే వరస ట్యాంకు నుంచి ఇంజన్ వైపే. ముందు ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి ప్రైమర్ కొట్టాలి, నురగ పోయి నిండు డీజిల్ వచ్చాక, ప్రైమర్ కొడుతూ ఉండగానే స్క్రూ బిగించాలి. తర్వాత మెయిన్ పంపు మీది స్క్రూ, అదే పద్ధతి. చివర నాజిళ్ళ దగ్గర పైపు నట్లు 17 నంబరు పానాతో కొంచెం వదిలి సెల్ఫు కొడితే చుక్కలు వస్తాయి, అప్పుడు బిగించాలి. సెల్ఫు ఆగకుండా కొడితే మోటారు కాలిపోతుంది, మధ్యలో చల్లారనివ్వాలి. పని అయ్యాక ప్రైమర్ పిడి పూర్తిగా కిందికి బిగించాలి, లేకపోతే అదీ గాలి దారే.

మిగిలిన చిన్న మిస్సింగ్

ఇప్పుడు పారదర్శక పైపులో ఒక్క బుడగ లేదు, ట్యాంకు పావుకు వచ్చినా లేదు. కానీ స్లో లో ఇంజన్ కొంచెం ఊగుతోంది. నీళ్ళూ జిగురూ ఇన్నాళ్ళు తాగిన నాజిళ్ళలో ఏదో ఒకటి దెబ్బతిని ఉంటుందనుకున్నాను.

స్లో లో నడుస్తుండగా ఒక్కో నాజిల్ పైపు నట్టు వదిలి చూశాను, మీద గుడ్డ కప్పి, కళ్ళజోడు పెట్టుకుని. పని చేస్తున్న సిలిండర్ నట్టు వదిలితే ఇంజన్ చప్పుడు పడిపోవాలి. ఒకటి, రెండు, నాలుగు వదిలినప్పుడు పడిపోయింది. మూడోది వదిలినప్పుడు పెద్ద తేడా లేదు. అదే బద్ధకంగా ఉంది.

ఆ ఒక్కటే తీసి తిరుపతి ఆటోనగర్‌లో పంపు పని చేసే మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాను. టెస్టర్‌కు బిగించి హ్యాండిల్ నొక్కాడు. మంచి నాజిల్ కిర్రుమని చప్పుడు చేస్తూ పొగమంచులా చిమ్ముతుంది. ఇది ఒక ధారగా పోస్తోంది, ఆపాక కొసన చుక్క నిలుస్తోంది. తెరుచుకునే ఒత్తిడి కూడా ఉండాల్సినదానికంటే తక్కువ. నేను దగ్గరగా వంగితే, "చేయి దూరం పెట్టమ్మా, ఆ చిమ్ముడు చర్మంలోకి దూరుతుంది" అని వెనక్కి జరిపాడు. నిజమే. పైకి సూదిపోటులా కనిపించినా లోపల డీజిల్ కండను చంపేస్తుంది, అలా జరిగితే కడిగి ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి. నాజిల్ కొస కొత్తది వేసి, షిమ్ములతో (సన్నని రేకు బిళ్ళలతో) ఒత్తిడి సరిచేసి ఇచ్చాడు. మిగతా మూడూ మార్చాలా అని అడిగితే, "పని చేస్తున్నదాన్ని ఎందుకమ్మా కదిలించేది" అన్నాడు. ఆ మేస్త్రి మీద నాకు గౌరవం కలిగింది.

బిగించేటప్పుడు గుంతలో అంటుకుపోయిన పాత రాగి వాషర్‌ను కొక్కెంతో బయటికి తీశాను. దాని మీదే కొత్తది వేస్తే నాజిల్ ఎత్తులో కూర్చుని చిమ్ముడు తప్పుతుంది.

లోడుతో ఘాట్

పావు ట్యాంకుతో, కావాలనే. దాణా మూటలు నిండుగా. వెనక చక్రాలకు వేయడానికి రాళ్ళు తొట్టిలో పెట్టుకున్నాం. ఏదైనా జరిగితే ఆగడానికి వీలుండాలని ట్రాఫిక్ పెరగకముందే బయలుదేరాం.

రంగంపేట దాటాక ఎక్కుడు మొదలైంది. నాయన మూడో గేరులో పట్టి, మలుపుల్లో రెండుకు దించుతూ పోయాడు. అద్దంలో పొగ సన్నగా, గోధుమ రంగులో, లోడుకు తగినంతే ఉంది. యాక్సిలరేటర్ తొక్కితే బండి ముందుకు లాగుతోంది. పైకి చేరాక పక్కకు ఆపి బానెట్ ఎత్తి చూశాను. పైపు నిండా డీజిల్, బుడగ లేదు. నాయన ఇంకా ముందుకు పోదామన్నాడు, పీలేరు దాకా పోయి మూటలు దించి, టమోటా బాక్సులు వేసుకునే వచ్చాం. పారదర్శక పైపు ఇంజన్ వేడికి గట్టిపడి పగిలే రకం కాబట్టి ఇంటికి రాగానే తీసేసి డీజిల్‌కు పనికొచ్చే రబ్బరు పైపు వేశాను.

ఇంకా మిగిలినవి రాసి పెడుతున్నాను. ఫ్యూయల్ గేజ్ ముల్లు కొన్నిసార్లు అంటుకుపోతోంది, ఫ్లోట్ చేతికి తుప్పు ఉంది, ట్యాంకు మళ్ళీ దించినప్పుడు మార్చాలి. ఆల్టర్నేటర్ వెనక వాక్యూమ్ పంపు దగ్గర ఆయిల్ తడి కనిపించింది. అది బ్రేకు సంగతి కాబట్టి ఈ ఆదివారమే ముందు దాన్నే చూస్తాను. దామలచెరువు బాడుగలు మొదలయ్యాక నెలకోసారి డ్రెయిన్ ప్లగ్గు వదిలి అడుగు డీజిల్ సీసాలో పట్టాలని నాయనతో మాట అయింది. నీళ్ళు తేరాయా లేదా అన్నది ప్రతిసారీ ఇక్కడే రాస్తాను.